ఊరు పోగొట్టుకున్న జట్టు

మా ఇంట్లో బీరువా అడుగు అరలో ఒక మఫ్లరు ఉంది. నలుపు, తెలుపు పట్టీలు. ఒక కొసన సిరిలిక్ లిపిలో నాలుగు అక్షరాలు నేసి ఉంటాయి. మొదటిది అచ్చం మన 3 అంకె లాగానూ, రెండోది సున్నా లాగానూ ఉంటాయి. చివరిది ఇంగ్లీషు ఆర్‌ను అద్దంలో చూసినట్టు ఉంటుంది. 2014 జూన్‌లో మా పెద్దక్క కొడుకు తూర్పు ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్ నుంచి ఒక్క పెట్టెతో ఇంటికొచ్చినప్పుడు తెచ్చిన వస్తువుల్లో అదొకటి. అక్కడ వైద్యం చదువుతున్నాడు. పుస్తకాలు, కుక్కరు, రజాయి అన్నీ హాస్టలు గదిలోనే వదిలేసి వచ్చాడు. "మఫ్లరెందుకు తెచ్చావురా, విజయవాడలో?" అని అడిగితే, "ఏమో మావయ్యా, చేతికందింది, పెట్టెలో వేశాను" అన్నాడు.

ఫుట్‌బాలు గురించి నాకు తెలిసింది తక్కువ. ఆఫ్‌సైడు నియమం ఇప్పటికీ ఎవరైనా వివరిస్తేగాని అర్థం కాదు. అయినా ఆ నాలుగు అక్షరాలు పట్టుకుని వెతుకుతూ పోయినకొద్దీ నాకొక విచిత్రమైన చరిత్ర దొరికింది. ఆటలంటే ఇష్టం లేనివారు కూడా దీన్ని చదవవచ్చునని మనవి. ఇందులో ఆట కంటే ఊళ్ళూ, పేర్లూ ఎక్కువ.

ముందు ఆ పేరు సంగతి. ఆ జట్టు పేరు ఉక్రేనియన్‌లో జోర్యా, రష్యన్‌లో జర్యా. రష్యన్‌లో జర్యా అంటే ఉషస్సు, వేకువ. ఉక్రేనియన్‌లో జోర్యా అంటే వేకువా అవుతుంది, నక్షత్రమూ అవుతుంది. రెంటినీ కలిపి చెప్పే మాట ఇంగ్లీషులో ఏముందో గాని మనకు చక్కగా ఉంది: వేగుచుక్క. ఊరి పేరు కూడా ఇలాంటిదే. రష్యన్‌లో లుగాన్స్క్, ఉక్రేనియన్‌లో లుహాన్స్క్. గకారం పలికితే ఒక పక్షమూ, హకారం పలికితే ఇంకొక పక్షమూ అవుతుంది ఈ రోజుల్లో. మా మేనల్లుడు చదువుకునే రోజుల్లో అక్కడ అందరూ గకారమే పలికేవారట, అదేమీ పెద్ద విషయం కాదట అప్పుడు.

ఆ ఊరు పుట్టిందే కొలిమిలోంచి. 1795లో రెండవ కాథరీన్ రాణి ఆజ్ఞ మీద చార్ల్స్ గాస్కొయిన్ అనే బ్రిటిషు దేశస్థుడు లుహాన్ నది ఒడ్డున ఇనుము పోతపోసే కర్మాగారం పెట్టాడు. నల్లసముద్ర నౌకాదళానికి ఫిరంగులూ గుండ్లూ కావాలి, దగ్గర్లోనే బొగ్గూ ఇనుమూ ఉన్నాయి. ఆ కర్మాగారం చుట్టూ పెరిగిన బస్తీయే లుహాన్స్క్. రష్యన్ భాషకు మహానిఘంటువు కూర్చిన వ్లదీమిర్ దాల్ 1801లో ఇక్కడే పుట్టాడు. 'లుగాన్స్క్ కసాకు' అన్నది ఆయన కలంపేరు. నిఘంటువుల మీద మోజున్న మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటారని రాస్తున్నాను. శతాబ్దం తరవాత, 1896లో, గుస్తావ్ హార్ట్‌మన్ అనే జర్మన్ వ్యాపారి అక్కడ రైలింజన్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. మన కథకు అసలు పునాది అదే.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన కుర్రవాళ్ళలో క్లిమెంట్ వొరొషీలోవ్ ఒకడు. తరవాత ఎర్రసైన్యంలో మార్షలయ్యాడు, స్టాలిన్‌కు ఆంతరంగికుడయ్యాడు. 1935లో ఊరికి అతని పేరు పెట్టి వొరొషిలోవ్‌గ్రాద్ అన్నారు. స్టాలిన్ పోయాక, బతికున్నవాళ్ళ పేర్లు ఊళ్ళకు పెట్టరాదన్న నిర్ణయం వచ్చింది. వొరొషీలోవ్ ఇంకా బతికే ఉన్నాడు గనక 1958లో ఊరు మళ్ళీ లుహాన్స్క్ అయింది. 1969 డిసెంబరులో ఆయన కాలం చేశాడు. ఇక అభ్యంతరం లేదు గనక 1970లో ఊరు తిరిగి వొరొషిలోవ్‌గ్రాద్ అయింది! 1990లో మళ్ళీ లుహాన్స్క్. ఒక్క మనిషి ఆయుష్షును బట్టి ఊరి పేరు ఇన్నిసార్లు అటూ ఇటూ అయిన చోటు మరొకటి ఉందేమో నేనెరుగను. సోవియట్ భూమి పత్రిక అట్టలు పాఠ్యపుస్తకాలకు తొడిగిన తరంవాణ్ణి నేను. వొరొషిలోవ్‌గ్రాద్ అన్న మాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది గాని, అది ఇప్పుడు ఏ పటంలోనూ లేదు.

జట్టు తన పుట్టుకను 1923 నుంచి లెక్కవేసుకుంటుంది. రైలింజన్ల ఫ్యాక్టరీ కార్మికుల జట్టు అది. మొదటి పేరు మెటలిస్ట్, అంటే లోహకారులు. 1930లలో సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడు జెర్జిన్‌స్కీ పేర జెర్జీనెత్స్ అయింది. 1948లో వృత్తివిద్యా పాఠశాలల క్రీడాసంఘం కిందికి వెళ్ళి త్రుదొవియే రెజెర్వీ, అంటే శ్రామిక నిల్వలు, అన్న పేరు తెచ్చుకుంది. ఇలాంటి పేరు పెట్టుకుని గోలు కొట్టిన తరవాత జనం ఏమని అరుస్తారో నాకు ఊహకందలేదు. 1964లో జర్యా అయింది. ఊరి పేరు ఎన్నిసార్లు మారినా ఈ పేరు మాత్రం ఆ తరవాత నిలిచిపోయింది.

ఇక్కడ సోవియట్ పద్ధతి కొంచెం చెప్పాలి. ఆ దేశంలో వృత్తి క్రీడాకారులు లేరు, అధికారికంగా. ఆటగాళ్ళందరూ ఎక్కడో ఉద్యోగులే. కొందరు సైన్యంలో, కొందరు పోలీసు శాఖలో, కొందరు ఫ్యాక్టరీలో. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లలో రోవర్స్ కప్పులు వరసగా గెలిచిన రోజులు విన్నవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కాకపోతే అక్కడ దేశమంతటా అదొక్కటే పద్ధతి. జీతం ఒకచోట, ఆట మరొకచోట. ఎవరికి మంచి ఫ్లాటు దొరుకుతుంది, ఎవరికి కారు కొనుక్కునే వరసలో ముందు చోటు దొరుకుతుంది అన్నవి ఆ ప్రాంతపు పార్టీ కార్యదర్శి చేతిలో ఉండేవి. కాబట్టి జట్టు బాగుపడాలంటే కావలసినవి రెండు: వెనక ఒక పెద్ద ఫ్యాక్టరీ, పైన ఫుట్‌బాలు పిచ్చి ఉన్న ఒక కార్యదర్శి.

వొరొషిలోవ్‌గ్రాద్‌కు రెండూ ఉన్నాయి. అక్టోబరు విప్లవం పేరు పెట్టుకున్న ఆ ఫ్యాక్టరీ అప్పటికి డీజిలు ఇంజన్ల తయారీలో దేశంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. అక్కడ తయారైన ఎం-62 ఇంజన్లు హంగెరీ, పోలండు, తూర్పు జర్మనీల్లో పరుగులు తీశాయి. ఆ మోత వినలేక తూర్పు జర్మన్లు దానికి 'టైగా డప్పు' అని పేరు పెట్టారు. ఇక కార్యదర్శి వ్లదీమిర్ షెవ్‌చెంకో. 1961 నుంచి 1973 వరకు ఆ ప్రాంతానికి ఆయనే సర్వాధికారి. ఆయన జట్టును ఇంటి పిల్లవాడిలా చూసుకున్నాడు. జట్టు 1966లో రెండో శ్రేణిలో నెగ్గి 1967 నుంచి అగ్రశ్రేణిలో ఆడసాగింది. కీవ్ డైనమోలో పేరు మోసిన యోజెఫ్ సాబో వంటివాడు 1970లో అక్కడ ఆడటానికి వచ్చాడంటే ఆ బొగ్గు ఊళ్ళో ఏదో జరుగుతున్నట్టే కదా.

తరవాత 1972.

సోవియట్ లీగు 1936లో మొదలైంది. అప్పటినుంచి 1960 దాకా ప్రతి ఏడూ విజేత మాస్కో జట్టే. 1961లో మొదటిసారి కీవ్ డైనమో ఆ వరస తెంపింది, 1964లో త్బిలీసి డైనమో గెలిచింది. కీవ్ ఉక్రెయిన్‌కు రాజధాని, త్బిలీసి జార్జియాకు రాజధాని. అంటే కేంద్రం, లేదంటే రాజధాని. జిల్లా కేంద్రాల వంటి ఊళ్ళు ఆ జాబితాలోకి వస్తాయని ఎవరూ అనుకోలేదు. 1972లో జర్యా 30 ఆటలు ఆడి 15 గెలిచింది, 10 సమం చేసుకుంది, 5 ఓడింది. గెలుపుకు రెండు, సమానమైతే ఒకటి చొప్పున 40 పాయింట్లు. రెండో స్థానంలో కీవ్ డైనమోకు 35, మూడో స్థానంలో త్బిలీసి డైనమోకు 35. ఐదు పాయింట్ల తేడా. ఏదో చివరి రోజు అదృష్టం కలిసొచ్చి గెలిచిన గెలుపు కాదది.

శిక్షకుడు గెర్మన్ జోనిన్. 1926లో కజాన్‌లో పుట్టి, లెనిన్‌గ్రాద్‌లో ఆటగాడుగా స్థిరపడ్డవాడు. గోలు కాపలాదారు అలెక్సాందర్ త్కచెంకో. నడిమి వరసలో అనతోలి కుక్సోవ్, వ్యచెస్లావ్ సెమ్యోనోవ్. ముందు వరసలో వ్లదీమిర్ ఒనీషెంకో, యూరి ఎలిసేయెవ్. వీరిలో ఒనీషెంకో కీవ్ డైనమోలో చోటు కుదరక ఇటు వచ్చినవాడు. ఆ జూన్‌లో యూరప్ ఛాంపియన్‌షిప్పు ఫైనల్లో పశ్చిమ జర్మనీతో తలపడిన సోవియట్ జట్టులో అతడున్నాడు. సెప్టెంబరులో మ్యూనిక్ ఒలింపిక్సులో కంచు పతకం పట్టిన సోవియట్ జట్టులో నలుగురు జర్యావాళ్ళు: కుక్సోవ్, సెమ్యోనోవ్, ఎలిసేయెవ్, ఒనీషెంకో. రైలింజన్ల ఫ్యాక్టరీ జట్టు ఒక్క ఏడాదిలో దేశపు జట్టుకు సగం వెన్నెముక అయింది.

మా మేనల్లుడికి హాస్టలు పక్కనున్న కొట్టు ముసలాయన ఈ ఏడాది గురించే చెబుతుండేవాడట. రష్యన్‌లో 'సేమ్‌దిస్యత్ ఫ్తరోయ్', డెబ్భై రెండు. ఏ సంవత్సరమో ఎవరూ అడగనవసరం లేదు, ఏం జరిగిందో చెప్పనవసరమూ లేదు. "ఆయన డెబ్భై రెండు అంటే చాలు, పక్కనున్న ముసలివాళ్ళు తలలూపేవారు మావయ్యా" అన్నాడు. మన దగ్గర ఎనభై మూడు అంటే కపిల్ దేవ్ చేతిలో కప్పు కనబడినట్టు. కాకపోతే ఎనభై మూడు దేశమంతటిదీ. డెబ్భై రెండు ఒక్క ఊరిది.

గెలిచినంత సేపు పట్టలేదు పడిపోవడానికి. జోనిన్ మరుసటి ఏడే లెనిన్‌గ్రాద్ జెనిత్‌కు శిక్షకుడుగా వెళ్ళిపోయాడు. ఉక్రెయిన్ పార్టీ అధినేత పెత్రో షెలెస్త్‌ను 1972 మే నెలలోనే తప్పించి షెర్‌బీత్‌స్కీని కూర్చోబెట్టారు. 1973లో వ్లదీమిర్ షెవ్‌చెంకో పదవి కూడా ఊడింది. ఆయన పతనానికీ ఫుట్‌బాలు ఖర్చులకూ ముడిపెట్టి చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. కథలు కథలే గనక వాటి జోలికి పోను. అయితే జట్టు మొత్తం ఒక్క మనిషి ఆసక్తి మీద నిలబడి ఉన్నదనీ, ఆ మనిషి పోగానే అది కుంగిందనీ మాత్రం చూస్తే తెలుస్తూనే ఉంది. 1973-74 యూరపియన్ కప్పులో సైప్రస్ జట్టు అపోయెల్‌ను ఓడించి, తరవాతి చుట్టులో చెకొస్లొవేకియాకు చెందిన స్పార్తాక్ త్ర్నావా చేతిలో రెండాటలు కలిపి ఒకే ఒక్క గోలు తేడాతో ఓడింది. 1974లో సోవియట్ కప్పు ఫైనల్లో అదనపు సమయంలో కీవ్ డైనమో చేతిలో 0-3 ఓటమి. 1975 ఫైనల్లో యెరెవాన్ అరారాత్ చేతిలో 1-2 ఓటమి. ఒనీషెంకో మళ్ళీ కీవ్ చేరాడు. 1975 కప్ విన్నర్స్ కప్పు ఫైనల్లో కీవ్ డైనమో కొట్టిన మూడు గోళ్ళలో రెండు అతనివే. వొరొషిలోవ్‌గ్రాద్‌లో ఆ ఆట చూసినవాళ్ళు సంతోషించారో, నిట్టూర్చారో!

1979లో జట్టు అగ్రశ్రేణి నుంచి జారిపోయింది. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ పైకి రాలేదు. అయినా ఆ ఊరి మట్టిలో ఆట చావలేదు. 1986లో సోవియట్ దేశపు ఉత్తమ ఆటగాడుగా ఎన్నికై, 1988లో ఇటలీ యువెంతుస్‌కు వెళ్ళిన అలెక్సాందర్ జవారోవ్ ఇక్కడి పిల్లవాడే. బెన్ఫికాకు ఆడిన సెర్గేయ్ యురాన్ కూడా. ఇద్దరూ ఎదిగింది జర్యాలో, పేరు తెచ్చుకున్నది కీవ్ డైనమోలో. చిన్న ఊరు పెంచడం, పెద్ద ఊరు తీసుకోవడం. ఈ వరస మనకు తెలియనిదేమీ కాదు.

1992లో స్వతంత్ర ఉక్రెయిన్ లీగు మొదలైనప్పుడు జట్టు అగ్రశ్రేణిలోనే ఉంది, ప్రాయోజకుల పేరు తగిలించుకుని జోర్యా-మాల్స్‌గా. ఫ్యాక్టరీలు మూతపడుతున్న కాలం, గనుల్లో జీతాలు లేని కాలం. 1996లో రెండో శ్రేణికి, 1998లో మూడో శ్రేణికి. ఒకప్పటి సోవియట్ విజేత, చిన్న పట్టణాల మైదానాల్లో కొన్ని వందలమంది ముందు ఆడింది. 2003లో రెండో శ్రేణికి, 2006లో తిరిగి పైకి ఎక్కింది. ఈ పదేళ్ళ గురించి రాయడానికి ఎవరికీ పెద్దగా ఉత్సాహం ఉండదు, నాకూ లేదు. జట్టు చావకుండా మిగిలిందన్నదే ఆ పదేళ్ళ విశేషం.

అభిమానులు ఆ జట్టును ముద్దుగా 'ముజికి' అంటారు. రాదుగా, ప్రగతి ప్రచురణల అనువాదాలు చదివిన మనకు ముజిక్కు అనగానే తోల్‌స్తోయ్ కథల్లోని గడ్డం రైతు గుర్తొస్తాడు. వాడుకలో మాత్రం దాని అర్థం మోటు మనిషి, మగాడు. సొగసు లేకపోవచ్చు, లొంగడు. ఆ జట్టు ఆట తీరుకు తగిన పేరేనట.

మా మేనల్లుడు లుహాన్స్క్ వెళ్ళింది 2010లో. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ అక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి చాలామంది పిల్లలు వెళ్ళారు ఆ రోజుల్లో. అవాన్‌గార్ద్ మైదానానికి ఆటలు చూడటానికి వెళ్ళేవారట. చలిలో కాళ్ళు తపతపలాడిస్తూ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పొట్టు కాళ్ళ దగ్గర ఉమ్ముతూ. గోలు పడితే పక్కనున్న గని కార్మికుడు వీణ్ణి ఎత్తి కుదిపేవాడట. మఫ్లరు అక్కడే కొన్నాడు.

2014 వసంతంలో లుహాన్స్క్‌లో ప్రభుత్వ భవనాలు వేర్పాటువాదుల చేతికి వెళ్ళాయి. వేసవికి యుద్ధం. విదేశీ విద్యార్థులు జూన్‌లో దొరికిన రైళ్ళెక్కి కీవ్‌కు, అక్కణ్ణుంచి ఇళ్ళకు చేరారు. విశ్వవిద్యాలయం రుబీజ్నె అనే చిన్న పట్టణానికి తరలిపోయింది. జట్టు కూడా తరలింది, 400 కిలోమీటర్ల దూరంలోని జపొరీజ్జాకు. ఆగస్టులో ఉక్రెయిన్ సేనలు నగరాన్ని చుట్టుముట్టాయి. వారాల తరబడి నీళ్ళు లేవు, కరెంటు లేదు, ఫోన్లు లేవు.

సరిగ్గా ఆ ఆగస్టులోనే జోర్యా యూరోపా లీగు అర్హత పోటీల చివరి మెట్టు మీద ఉంది. ఎదుట నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయెనూర్డ్. కీవ్‌లో జరిగిన మొదటి ఆట 1-1తో సమం. ఆగస్టు 28న రోటర్‌డామ్‌లో రెండో ఆట. ఫెయెనూర్డ్ మూడు గోళ్ళు కొట్టింది. ఇక అయిపోయిందనుకున్న చోట జోర్యా ఒకటి, రెండు, మూడు తిరిగి కొట్టింది. ఆ క్షణాన ఆట ముగిస్తే బయటి మైదానపు గోళ్ళ లెక్కన జోర్యాదే గెలుపు. ముగియలేదు. ఆఖరి నిమిషాల్లో ఫెయెనూర్డ్ నాలుగోది కొట్టింది. 4-3. ఆ సాయంత్రం లుహాన్స్క్‌లో ఆ ఆటను ఎవరు చూడగలిగారు? టీవీకి కరెంటేది? మా మేనల్లుడు విజయవాడలో తెల్లవారుజామున కంప్యూటరు ముందు కూర్చుని చూశాడు. ఆ ఊరివాళ్ళకన్నా ఆ ఊరి జట్టు ఆటను ఈ ఊళ్ళోవాడు ఎక్కువ చూడగలిగిన రాత్రి అది.

శిక్షకుడు యూరి వెర్నిదూబ్. 2011 నుంచి 2019 దాకా ఆయనే. ఊరు లేదు, సొంత మైదానం లేదు, పెద్దగా డబ్బు లేదు. దొనెత్స్క్ షక్తార్ అరువిచ్చిన కుర్రాళ్ళతో నెట్టుకొచ్చాడు. షక్తార్ కూడా అప్పటికి ఊరు విడిచిన జట్టేననుకోండి. కాకపోతే వారిది కలిగినవారి వలస. జపొరీజ్జాలో జోర్యా ఆడిన స్లవూతిచ్ అరీనా అక్కడి మెటలూర్గ్ జట్టుది. ఆ మెటలూర్గ్ దివాలా తీసి 2015-16 సీజను నడుమ లీగునుంచి తప్పుకుంది. ఇంటివాడు వెళ్ళిపోయాడు, అద్దెకున్నవాడు మిగిలాడు.

ఈ అద్దె కాపురంలోనే ఆ జట్టు స్వతంత్ర ఉక్రెయిన్‌లో తన అతిమంచి రోజులు చూసింది. ఇదే నాకు అన్నిటికన్నా వింతగా తోచిన సంగతి. సొంత ఊళ్ళో ఉన్నప్పుడు ఉక్రెయిన్ లీగులో మొదటి మూడు స్థానాల్లోకి ఎన్నడూ రాని జట్టు 2017, 2020, 2021, 2023లలో మూడో స్థానం సాధించింది. 2016లో ఉక్రెయిన్ కప్పు ఫైనలు, 2021లో మళ్ళీ ఫైనలు, రెండూ ఓటములే. 2016-17 యూరోపా లీగులో మాంచెస్టర్ యునైటెడ్, ఫెనర్‌బాచె, ఫెయెనూర్డ్‌లతో ఒకే బృందంలో పడింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇబ్రహీమోవిచ్ కొట్టిన ఒక్క గోలుతోనే యునైటెడ్ గట్టెక్కింది. తిరుగు ఆట డిసెంబరులో ఒదెసాలో, గడ్డకట్టిన మైదానం మీద, 0-2. జపొరీజ్జా యుద్ధరేఖకు దగ్గరని యూరప్ ఆటలు అక్కడ ఆడనివ్వలేదు గనక ఒదెసా. అంటే అద్దె ఇంటికి కూడా మరో అద్దె ఇల్లు. మరుసటి ఏడాది ఆతిథ్యం ల్వీవ్‌లో. ఆ ఏడు స్పెయిన్ వెళ్ళి బిల్బావోలో అత్లెతిక్ జట్టును 1-0తో ఓడించి వచ్చారు. 2020 డిసెంబరులో జపొరీజ్జాలోనే ఇంగ్లండు జట్టు లెస్టర్‌ను 1-0తో గెలిచారు.

ఊరు పోయాక జట్టు బాగుపడటానికి కారణమేమిటని నేను చాలా ఆలోచించాను. కొంత లెక్క సులువే: పక్కనున్న జట్లు ఒక్కొక్కటీ కూలిపోతుంటే నిలబడినవాడు పైకి కనబడతాడు. మెటలూర్గ్, ఖార్కీవ్ మెటలిస్ట్, ద్నిప్రో అన్నీ ఆ నాలుగైదేళ్ళలో మట్టి కరిచాయి. వెర్నిదూబ్ గట్టి మనిషి, అదీ ఒక కారణం. వీటికి మించి, వెనక్కి వెళ్ళే దారి లేనివాళ్ళ పట్టుదల అనే మాట అనాలనిపిస్తుంది గాని అనను. అలాంటి మాటలు దూరాన కుర్చీలో కూర్చున్నవాళ్ళకు సులువుగా వస్తాయి. జీతాలు ఆలస్యమైన ఆటగాడికి ఆ పట్టుదల ఏ రుచిలో ఉంటుందో నాకేం తెలుసు?

వెర్నిదూబ్ 2019లో జోర్యాను విడిచి, తరవాత మొల్దోవాలోని షెరీఫ్ తిరాస్పోల్ జట్టుకు శిక్షకుడయ్యాడు. 2021 సెప్టెంబరు 28న ఆ చిన్న జట్టు మాద్రిద్ వెళ్ళి రియల్ మాద్రిద్‌ను 2-1తో ఓడించింది. ప్రపంచమంతా ఆ రాత్రి ఆయన పేరు పలకడం నేర్చుకుంది. అయిదు నెలల తరవాత, 2022 ఫిబ్రవరి 24న, రష్యా సేనలు ఉక్రెయిన్ మీద విరుచుకుపడ్డాయి. వెర్నిదూబ్ పోటీలు వదిలి, సరిహద్దు దాటి స్వదేశం వచ్చి, సైన్యంలో చేరాడు. అప్పటికాయన వయసు 56. మిలటరీ దుస్తుల్లో ఆయన ఫొటో మా మేనల్లుడు నాకు పంపాడు, కింద ఏమీ రాయకుండా.

జోనిన్ ఈ రోజు చూడలేదు. 2021 చివరలో, 95 ఏళ్ళ వయసులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశాడు. కజాన్‌లో పుట్టి, లెనిన్‌గ్రాద్‌లో బతికి, వొరొషిలోవ్‌గ్రాద్‌లో చరిత్ర సృష్టించిన మనిషి. ఆయన ఏ దేశపువాడు అన్న ప్రశ్న 1972లో ఎవరికీ తట్టి ఉండదు.

2022 వేసవికి రుబీజ్నె రష్యా చేతికి వెళ్ళింది. వొరొషీలోవ్ పుట్టిన లిసిచాన్స్క్ ప్రాంతమూ వెళ్ళింది. విశ్వవిద్యాలయం రెండోసారి మూట కట్టుకుని పడమటికి పోయింది. జపొరీజ్జా మీద క్షిపణులు పడుతున్నాయి గనక జట్టు అద్దె ఇల్లు కూడా పోయింది. 2022 ఆగస్టులో లీగు తిరిగి మొదలైనప్పుడు కీవ్‌లో, ప్రేక్షకులు లేని మైదానాల్లో ఆడింది. సైరను మోగితే ఆట ఆపి ఆటగాళ్ళందరూ నేలమాళిగలోకి దిగాలి, సద్దుమణిగాక పైకొచ్చి ఆపిన నిమిషం నుంచి ఆడాలి. ఆ ఆగస్టులోనే వేరే రెండు జట్ల మధ్య ఒక ఆట అలా ఆగి ఆగి నాలుగు గంటలు దాటింది. 2023-24లో యూరప్ ఆటలకు జోర్యా 'సొంత మైదానం' పోలండులోని లుబ్లిన్.

2022 సెప్టెంబరు 30న లుహాన్స్క్ ప్రాంతాన్ని తనలో కలుపుకున్నట్టు రష్యా ప్రకటించింది. ఆ శరదృతువులోనే 1972 విజయానికి యాభై ఏళ్ళు నిండాయి. ఇంతకీ ఆ విజయం ఎవరిది? ఉక్రెయిన్ చరిత్రకారులు లెక్కవేస్తే, సోవియట్ లీగు నెగ్గిన మూడు ఉక్రెయిన్ జట్లలో అదొకటి. కీవ్ డైనమో, ద్నిప్రో తక్కినవి. రష్యావాళ్ళు లెక్కవేస్తే అది తమ పాత దేశపు లీగు, ఇప్పుడు తాము తమదంటున్న ఊరు. జట్టు ఒకచోట, మైదానం ఇంకొకచోట, ఆ ఏడాది ఆటలు చూసిన ముసలివాళ్ళు మరెక్కడెక్కడో. కొట్టు ముసలాయనను తలుచుకుంటే, ఆయన దృష్టిలో అది ఈ రెండు లెక్కల్లోకీ వచ్చేది కాదేమో అనిపిస్తుంది. అది ఆయన వయసులో ఉన్నప్పటి ఒక నవంబరు నెల, అంతే.

లుహాన్స్క్ ప్రాంతంలోని స్తరొబీల్స్క్‌లో పుట్టిన కవి సెర్హీ జదాన్ 2010లో ఒక నవల రాశాడు. దాని పేరే 'వొరొషిలోవ్‌గ్రాద్'. అప్పటికి ఆ పేరుగల ఊరు లేక ఇరవై ఏళ్ళు. అందులో ఒక ఫుట్‌బాలు ఆట వస్తుంది: కథానాయకుడు తన చిన్ననాటి జట్టు మిత్రులతో కలిసి ఆడతాడు, తరవాత వారి పేర్లు శ్మశానంలో రాళ్ళ మీద చూస్తాడు. ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. వీలైనవారు చదవండి.

మా మేనల్లుడు ఉక్రెయిన్‌లోనే మరో ఊళ్ళో చేరి చదువు పూర్తి చేశాడు. ఇక్కడికొచ్చి పరీక్ష రాసి డాక్టరయ్యాడు. ఆ కొట్టు ముసలాయన ఫోను నంబరు ఒకప్పుడు వాడి దగ్గర ఉండేది. 2014 ఆగస్టు నుంచి ఆ నంబరు పలకలేదు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మఫ్లరు తీసి చేతికిచ్చాను, నీదే కదా పట్టుకుపొమ్మని. రెండు చేతులతో పట్టుకుని ఆ నాలుగు అక్షరాలూ చూశాడు, మడతపెట్టి మళ్ళీ అరలోనే పెట్టేశాడు. "ఇక్కడే ఉండనీ మావయ్యా" అన్నాడు. ఆ రాత్రి జోర్యా ఏదో ఆట ఓడిందని మర్నాడు కాఫీ తాగుతూ చెప్పాడు.